గ్రహణం మొర్రి బిడ్డకు తోడుగా: ఆపరేషన్ దాకా, ఆ తర్వాత స్పష్టమైన మాట దాకా ఎలా చేర్చాలి

"మా ఊళ్లో ఒక పాపకు గ్రహణం మొర్రి ఉందండీ, ఫ్రీగా ఆపరేషన్ ఎక్కడ చేస్తారు?" వారానికి ఒకసారైనా ఈ ప్రశ్నతో నాకు ఫోన్ వస్తుంది. అడిగేది స్కూలు టీచర్లు, ఆశా కార్యకర్తలు, యువజన సంఘం కుర్రాళ్లు. అప్పుడప్పుడు సొంతూరి మీద మమకారంతో అమెరికా నుంచి కూడా అడుగుతారు. మొదట్లో నేను ఆస్పత్రి పేరు చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ని. అది చాలదని ఆలస్యంగా తెలిసింది. ఉచితంగా ఆపరేషన్ చేసేవాళ్లు ఉన్నారు, ఖర్చు భరించే పథకాలూ సంస్థలూ ఉన్నాయి. దొరకనిది ఒక్కటే: ఆ ఇంటి గడప నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా, అక్కణ్నుంచి ఆ బిడ్డ "పప్పు పెట్టమ్మా" అని నలుగురికీ అర్థమయ్యేలా అడిగే రోజు దాకా వెంట ఉండే మనిషి. ఆ పని మీరు పెట్టుకుంటానంటే, ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. కొండ ఊళ్ల నుంచి ఇలాంటి పిల్లలను ఆస్పత్రులకు తీసుకెళ్తూ నేర్చుకున్నవి, అక్కడి డాక్టర్లూ నర్సులూ ఓపిగ్గా చెప్పినవి ఇవి. వైద్యం విషయంలో మీ బిడ్డను చూసిన డాక్టర్ మాటే ఆఖరు.

ముందుగా తెలియాల్సిన నాలుగు సంగతులు

చీలిక పై పెదవికే ఉండొచ్చు, చిగురు దాకా వెళ్లొచ్చు, నోట్లో పైభాగం అంటే అంగిలికీ ఉండొచ్చు. కొందరికి అంగిలి ఒక్కటే చీలి ఉంటుంది, బయటికి ఏమీ కనిపించదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుందని లెక్క. అంటే మీ మండలంలోనూ ఉండే ఉంటారు.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. కడుపులో బిడ్డ పెదవి 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య కలుసుకుంటాయి. చాలామంది తల్లులకు అప్పటికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలిసి ఉండదు. ఏడో నెలలో గ్రహణం పూట కత్తిపీట పట్టిందని కోడల్ని తిట్టే అత్తగారికి ఈ లెక్క చెప్పండి: ఆ గ్రహణం పట్టేనాటికి బిడ్డ పెదవి ఏర్పడి నెలలు గడిచిపోయాయి.

ఆపరేషన్లు సాధారణంగా ఈ వరసలో జరుగుతాయి. పెదవికి 3 నుంచి 6 నెలల మధ్య. అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య. చిగురులో చీలిక ఉంటే, అక్కడ కోరపన్ను రాకముందు, 7 నుంచి 11 ఏళ్ల మధ్య ఎముక అతికిస్తారు. కొందరికి పళ్ల క్లిప్పులు కావాలి, పెద్దయ్యాక దవడ ఆపరేషన్ కూడా పడొచ్చు. కాబట్టి ఒక్క రోజుతో తీరే పని కాదని మొదటి రోజే ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

వయసు దాటిపోయిందని మాత్రం ఎవరినీ వెనక్కి పంపకండి. ఇరవై ఏళ్లవాడికీ, నలభై ఏళ్ల ఆమెకూ పెదవి సరిచేస్తారు. అంగిలి ఆలస్యమైతే మాట కుదరడం కష్టమవుతుంది, అయినా తిండి ముక్కులోకి రావడం తగ్గుతుంది.

మీ దగ్గర ఉండాల్సినవి

- చిన్న టార్చిలైటు (ఫోన్ లైటు కూడా చాలు), ఒక చిన్న చేతి అద్దం
- వెండిదో స్టీలుదో మూతి ఉన్న ఉగ్గుగిన్నె
- అంగన్‌వాడీలో పసిపిల్లల తూకం మిషను వాడుకునే వీలు
- అట్ట ఉన్న నోట్‌బుక్ ఒకటి. ఫోన్ పోవచ్చు, నోట్‌బుక్ ఇంట్లోనే ఉంటుంది
- ఒక్కో కుటుంబానికి కనీసం ముగ్గురి ఫోన్ నంబర్లు
- ప్రయాణానికి, తల్లిదండ్రుల కూలికి కొంచెం డబ్బు
- ఇప్పటికే ఆపరేషన్ అయిన ఒక బిడ్డ తల్లి పరిచయం. ఈ జాబితాలో అన్నిటికన్నా విలువైనది ఇదే

1. పిల్లలను వెతకండి

ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్లతో మొదలుపెట్టండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి, 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించాలి. వాళ్లు చూసే పుట్టుకతో వచ్చే లోపాల్లో మొర్రి కూడా ఉంది. మీ మండలం బృందం డాక్టర్ ఎవరో తెలుసుకుని పరిచయం చేసుకోండి. ఇలాంటి లోపాలున్న పిల్లలను చూసే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) దారి వాళ్ల ద్వారానే.

కానీ రిజిస్టర్‌లో లేని పిల్లలే ఎక్కువ ఇబ్బందిలో ఉంటారు. ఇంట్లో కాన్పు అయినవాళ్లు, నలుగురికీ చూపించడానికి ఇష్టంలేక లోపలే ఉంచేసిన పిల్లలు. సంతలో, చర్చి దగ్గర, జాతరలో అడగండి. "మొర్రి ఉన్న పిల్లలున్నారా?" అంటే ఎవరూ నోరు విప్పరు. "తాగిన పాలు ముక్కులోంచి వస్తున్న పిల్లలెవరైనా ఉన్నారా? మాట ముక్కుతో వస్తున్న పిల్లలున్నారా?" అని అడిగి చూడండి. అంగిలి మాత్రమే చీలిన పిల్లలు కూడా ఈ ప్రశ్నకు బయటపడతారు.

*తరచూ జరిగే పొరపాటు:* పెదవి బాగుంది కాబట్టి బిడ్డకేమీ లేదనుకోవడం. బిడ్డ ఏడ్చేటప్పుడు టార్చి వేసి నోట్లో కొండనాలుక దాకా చూడండి. కొండనాలుక రెండుగా చీలి ఉన్నా, అంగిలి మధ్యలో పాలిపోయిన గీత కనిపించినా పైకి తెలియని చీలిక ఉండొచ్చు. డాక్టర్‌కు చూపించండి.

2. ఇంటికి వెళ్లండి, అందరితో మాట్లాడండి

తల్లి ఒప్పుకుంటే సరిపోదు. తండ్రి, నాయనమ్మ, ఒక్కోసారి ఊరి పెద్ద కూడా ఒప్పుకోవాలి. అందుకే సాయంత్రం, అందరూ ఇంటికి చేరాక వెళ్లండి.

ఒక ఇంట్లో గంటసేపు చెప్పినా ఆ అవ్వ తల అడ్డంగానే ఊపింది. "దేవుడు ఇచ్చిన మొహం బాబూ, కత్తి పెట్టి కోస్తే ఊరుకుంటాడా?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. మాతో వచ్చిన పక్క ఊరి ఆమె తన కొడుకును ఆ అవ్వ ఒళ్లో కూర్చోబెట్టింది. అవ్వ వాడి పై పెదవి మీద సన్నటి గీతను వేలితో తడిమి చూసింది. "వీడికీ ఉండేదా?" అని అడిగింది. అంతే, మర్నాడు ప్రయాణం ఖాయమైంది. పాత ఫోటోలూ పాంప్లెట్లూ చేయలేని పని అది.

చెప్పకూడని మాట: "మచ్చ కూడా కనపడదు." కనపడుతుంది. మొదటి కొన్ని నెలలు ఎర్రగా, గట్టిగా కూడా ఉంటుంది, తర్వాత మెత్తబడి లేతబడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లనే రెండో ఆపరేషన్‌కు నమ్ముతారు.

ఇంకొకటి. ఆ ఇంట్లో, బడిలో, వీధిలో బిడ్డను "మొర్రోడు" అని పిలుస్తుంటే అక్కడికక్కడే ఆపండి, పేరు పెట్టి పిలవండి. బారసాల కూడా చేయని ఇళ్లు చూశాను నేను. పేరు పెట్టించడమే మీ మొదటి పని కావచ్చు.

3. పాలు పట్టడం నేర్పండి (ఇక్కడ తొందరపడకండి)

ఆపరేషన్ కన్నా ముందు బిడ్డ బతకాలి, బరువు పెరగాలి. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము నోట్లో పెట్టుకుంటుంది, దవడలు ఆడిస్తుంది, చూసేవాళ్లకు తాగుతున్నట్టే ఉంటుంది. కానీ నోరు మూసుకుని పీల్చే ఒత్తిడి పుట్టదు, పాలు లోపలికి వెళ్లవు. అరగంట కష్టపడి అలసి నిద్రపోతుంది. తల్లి కడుపు నిండిందనుకుంటుంది. బిడ్డ రోజురోజుకూ ఎండిపోతుంది. పెదవి మాత్రమే చీలిన బిడ్డ చాలాసార్లు తల్లి దగ్గరే తాగగలదు, రొమ్ముతో ఆ చీలిక కాస్త మూసుకునేలా పట్టుకుంటే చాలు.

అంగిలి చీలిన బిడ్డకు ఇలా చేయించండి:

- తల్లి చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండాలి. రాత్రితో కలిపి రోజుకు 8 సార్లు.
- బిడ్డను పడుకోబెట్టి పట్టకూడదు. తల, వీపు ఎత్తుగా, దాదాపు కూర్చున్నట్టు ఒళ్లో పట్టుకోవాలి.
- ఉగ్గుగిన్నె మూతిని చీలిక లేని వైపు, పెదవి మూల మీద ఆనించాలి. గొంతులోకి వంచి పోయకూడదు. కొద్దికొద్దిగా వంచితే బిడ్డ నాలుకతో లాక్కుని మింగుతుంది. మింగాకే మళ్లీ.
- మధ్యమధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. ఈ పిల్లలు గాలి ఎక్కువ మింగుతారు.
- మొత్తం అరగంటలోపు ముగించాలి. అంతకు మించితే తాగిన బలం తాగడానికే ఖర్చవుతుంది.
- అయ్యాక శుభ్రమైన తడి గుడ్డతో పెదవి, ముక్కు చుట్టూ తుడవాలి.

ముక్కులోంచి కొంచెం పాలు వస్తే భయపడక్కర్లేదు. ఆపి, బిడ్డను ఇంకాస్త నిటారుగా పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఉగ్గుగిన్నె దొరకకపోతే చిన్న గ్లాసు, చెంచా వాడొచ్చు. మెత్తటి ప్లాస్టిక్ సీసాను బిడ్డ మింగే లయలో నొక్కుతూ పట్టే పద్ధతి కూడా ఉంది. కానీ సీసాను ప్రతిసారీ మరిగించడం అన్ని ఇళ్లలోనూ కుదరదు. అందుకే నా ఓటు గిన్నెకే.

*సరిపోతున్నాయో లేదో ఇలా చూడండి:* రోజుకు కిలో బరువుకు సుమారు 150 మి.లీ. పాలు. అంటే 3 కిలోల బిడ్డకు రోజుకు 450 మి.లీ., పూటకు 55 మి.లీ. పైచిలుకు. రోజుకు 6 సార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. పుట్టిన రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి, ఆ తర్వాత మొదటి మూడు నెలలూ వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. వారానికొకసారి అదే మిషను మీద, బట్టలు లేకుండా తూయండి. రెండు వారాలు వరసగా బరువు పెరగకపోతే పీహెచ్‌సీకి, అక్కడ కుదరకపోతే జిల్లా ఆస్పత్రికి.

*ప్రమాదం:* పాలు తాగేటప్పుడు పెదవులు నీలంగా మారడం, ఊపిరి ఎగశ్వాసగా ఉండటం, కింది దవడ మరీ చిన్నగా లోపలికి ఉండి పడుకోబెట్టగానే గురక లాంటి చప్పుడు రావడం, ఒళ్లు కాలడం. వీటిలో ఏది కనిపించినా పాలు ఆపి, బిడ్డను పక్కకు తిప్పి, 108కి ఫోన్ చేయండి.

4. ఆపరేషన్‌కు సిద్ధం చేయండి

డాక్టర్లు ఎంతోకాలంగా గుర్తుపెట్టుకునే లెక్క ఒకటుంది: వయసు 10 వారాలు, బరువు 10 పౌండ్లు అంటే సుమారు నాలుగున్నర కిలోలు, హిమోగ్లోబిన్ 10 గ్రాములు. ఇప్పుడు చాలామంది 3 నెలలు నిండి, 5 కిలోలు ఉండాలంటారు. మా ప్రాంతంలో ఆపరేషన్లు వాయిదా పడేది ఎక్కువగా రెండిటి వల్ల: రక్తం తక్కువ, జలుబు-దగ్గు. అందుకే తేదీకి నెల ముందే పీహెచ్‌సీలో రక్త పరీక్ష చేయించండి. తక్కువ ఉంటే ఐరన్ చుక్కలు ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి, సొంత లెక్క వద్దు.

గుండె చప్పుడు కూడా ఒకసారి డాక్టర్ చేత వినిపించండి. మొర్రితో పుట్టిన పిల్లల్లో కొందరికి గుండెలో రంధ్రం లాంటివి ఉంటాయి. ఆస్పత్రికి వెళ్లాక తెలిస్తే ఆ ప్రయాణమంతా వృథా. టీకాలు మామూలుగానే వేయించాలి. మొర్రి బిడ్డ కదా అని ఆపేస్తున్నారు కొందరు, అది తప్పు.

5. కాగితాలు

బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, తల్లీబిడ్డల కార్డు, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు, బిడ్డకు ఆధార్. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే బాల ఆధార్ ఇస్తారు. ఇల్లు కదిలేముందే అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి, ప్రతిదానికీ రెండు జిరాక్సులు.

6. ఆస్పత్రిని ఎంచుకోండి

మూడు దారులున్నాయి.

మొదటిది ప్రభుత్వ పథకం. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. పథకంలో ఉన్న ప్రతి ఆస్పత్రిలోనూ రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర కూర్చుంటారు, ముందు వాళ్లను కలవండి. ఏ ఆస్పత్రికి వెళ్లాలో తెలియకపోతే 104కు ఫోన్ చేసి అడగొచ్చు.

రెండోది పెద్ద ప్రభుత్వ బోధనాస్పత్రి. విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియా లాంటి చోట్ల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి.

మూడోది స్వచ్ఛంద సంస్థలు ఖర్చు భరించే ఆస్పత్రులు. 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ లాంటి సంస్థ విదేశీ డాక్టర్లను పంపించే బదులు ఇక్కడి ఆస్పత్రులతో ఒప్పందం చేసుకుని, ఇక్కడి డాక్టర్లు చేసే ఆపరేషన్లకు డబ్బు ఇస్తుంది. రేషన్ కార్డులో పేరు ఎక్కని బిడ్డకు ఈ దారి త్వరగా తెరుచుకుంటుంది.

ఏ దారిలో వెళ్లినా ఫోన్‌లో ఈ ప్రశ్నలు అడగండి:

- పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న మత్తు డాక్టర్ ఉన్నారా?
- ఆపరేషన్ తర్వాత అవసరమైతే పిల్లల ఐసీయూ ఉందా?
- అంగిలి ఆపరేషన్ కూడా ఇక్కడే చేస్తారా? మాట నేర్పే స్పీచ్ థెరపిస్ట్ ఉన్నారా?
- మందులు, తిండి, బస, దారి ఖర్చుల్లో మీరు ఏవి భరిస్తారు?
- అంగిలిలో రంధ్రం మిగిలితే మళ్లీ ఉచితంగా చేస్తారా?

మూడో ప్రశ్నకు "లేదు" అంటే ఆ ఆస్పత్రిని వదిలేయాలని కాదు. ఆ పని ఇంకెక్కడ జరుగుతుందో ఇప్పుడే చూసిపెట్టుకోవాలి. రెండో ప్రశ్నకు తడబడితే మాత్రం ఇంకో ఆస్పత్రి చూడండి. కల్యాణ మండపంలోనో బడిలోనో ఆపరేషన్ శిబిరం పెడతామంటే ఒప్పుకోకండి. అలాంటి చోట పేర్లు రాసుకోవచ్చు, పరీక్షలు చేయొచ్చు. కత్తి మాత్రం పూర్తి సదుపాయాలున్న ఆస్పత్రిలోనే పట్టాలి.

7. ప్రయాణం, ఆపరేషన్ ముందు రాత్రి

కొండ మీద ఊరైతే రోడ్డు దాకా ఎలా వస్తారో ముందు రోజే తేల్చుకోండి. వాన వస్తే వాగు దాటలేరు. ఆస్పత్రిలో వారం దాకా పట్టొచ్చు. ఆ వారం కూలి ఎవరిస్తారు, ఇంట్లో మిగతా పిల్లలను, మేకలను ఎవరు చూస్తారు? "రాలేం సార్" అన్నవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే, భయం తర్వాతి సంగతి. తల్లితో పాటు ఇంకొకరు తప్పకుండా ఉండాలి.

ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉంచాలి. మామూలుగా తల్లిపాలు 4 గంటల ముందు, ఆవుపాలు, డబ్బాపాలు, అన్నం 6 గంటల ముందు ఆపమంటారు. ఆస్పత్రివాళ్లు చెప్పిన టైమునే పాటించాలి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. ఒక బిడ్డ విషయంలో తల్లికి మాత్రమే చెప్పి పడుకున్నాను. తెల్లవారుజామున బిడ్డ ఏడుస్తుంటే, తల్లి స్నానానికి వెళ్లినప్పుడు అమ్మమ్మ జాలిపడి బిస్కెట్ పాలలో ముంచి తినిపించింది. మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు, కాబట్టి ఆపరేషన్ ఆపేశారు. తప్పు అమ్మమ్మది కాదు, ఎందుకు పెట్టకూడదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి వచ్చిన ప్రతి మనిషికీ కారణంతో సహా చెప్తాను, మంచానికి కాగితం కూడా కడతాను.

జలుబు, జ్వరం ఉంటే దాచకండి. పంపించేస్తారని దాచేవాళ్లున్నారు. వాయిదా పడితే రెండు వారాలు పోతాయి, దాస్తే బిడ్డకే ప్రమాదం.

8. ఇంటికి వచ్చాక

- బిడ్డ చేయి నోటి దాకా వెళ్లకుండా మోచేతులకు వదులుగా కట్లు కడతారు. ఎన్నాళ్లుంచాలో అడగండి. రోజుకు కొన్నిసార్లు విప్పి చేతులు ఆడించాలి.
- పెదవి కుట్లను చెప్పిన విధంగానే తుడవాలి. పసుపు, ముక్కుపొడి, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు.
- అంగిలి ఆపరేషన్ అయితే రెండు మూడు వారాలు పల్చటి, మెత్తటి తిండే. గంజి, పప్పుకట్టు, మెత్తగా కలిపిన పెరుగన్నం. జంతికలు, బిస్కెట్లు, పుల్ల ఐసు వద్దు. చెంచాను నోట్లో లోపలికి పెట్టకూడదు, గిన్నె అంచుతో తాగించాలి. ప్రతిసారీ తిన్నాక నీళ్లు తాగించాలి.
- లాలాజలంలో కొద్దిగా ఎరుపు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. ఎర్రటి రక్తం కారుతూనే ఉన్నా, కుట్లు విడినా, జ్వరం వచ్చినా, ఏమీ తాగకపోయినా వెంటనే ఆస్పత్రికి.

పెదవి మీద మచ్చను ఎప్పటి నుంచి, ఎలా రుద్దాలో డాక్టర్‌ను అడిగి తల్లికి చేసి చూపించండి. సాధారణంగా మూడు నాలుగు వారాల తర్వాత మొదలుపెట్టమంటారు. ఎండ తగలకుండా చూడాలి.

9. పెదవి అయ్యాక మాయమైపోనివ్వకండి

ఈ పని మొత్తంలో అందరం ఎక్కువగా జారేది ఇక్కడే. పెదవి అతికిన బిడ్డను చూసి ఇల్లంతా పండగ చేసుకుంటుంది. ఫోటో బాగా వస్తుంది, దాత సంతోషిస్తాడు. బయటికి మొహం బాగుంది కాబట్టి ఇక ఆపరేషన్ ఎందుకని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అంగిలి అలాగే ఉండిపోతుంది. నాలుగేళ్లకు బడిలో వేస్తారు. టీచర్‌కు ఒక్క ముక్కా అర్థం కాదు. పిల్లలు నవ్వుతారు. ఆరో ఏట ఆ పిల్ల బడి మానేసి మేకల వెంట వెళ్తుంది. ఇది నా కళ్లముందు జరిగింది. మాకు ఇచ్చిన ఒకే ఒక్క ఫోన్ నంబరు మారిపోయింది, మేమూ వెతుక్కుంటూ వెళ్లలేదు.

కాబట్టి:

- పెదవి ఆపరేషన్ జరిగిన ఆస్పత్రిలోనే, డిశ్చార్జి కాకముందే అంగిలి ఆపరేషన్ నెల రాయించుకోండి. తేదీ తెలియకపోతే ఉగాది, దసరా, సంక్రాంతి అని రాయించండి. తల్లికి అది గుర్తుంటుంది.
- మూడు ఫోన్ నంబర్లు: ఇంట్లోవాళ్లది, ఊరి ఆశాది, ఊళ్లో కిరాణా కొట్టుదో టీచర్‌దో.
- వలస వెళ్లే కుటుంబమైతే ఏ నెలలో ఎటు వెళ్తారో రాసుకోండి. మిర్చి కోతలకు వెళ్లాక ఫోన్ చేసి లాభం లేదు.
- ఆ నెల రావడానికి నలభై రోజుల ముందు మీరే ఇంటికి వెళ్లండి. బరువు, రక్తం మళ్లీ చూడాలి కదా.

10. మాట, చెవి, పళ్లు

అంగిలి మూసినంత మాత్రాన మాట దానంతటదే రాదు. బిడ్డ పాత అలవాటుతో గొంతులోంచో ముక్కులోంచో పలుకుతుంది. స్పీచ్ థెరపీ కావాలి. జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో అడగండి. ప్రతి వారం అంత దూరం వెళ్లలేకపోతే, వీడియో కాల్‌లో నేర్పి, ఇంట్లో తల్లి చేత రోజూ పావుగంట చేయించే థెరపిస్టులున్నారు. బుడగలు, ఈలలు ఊదిస్తే మాట వస్తుందని చాలామంది చెప్తారు. బిడ్డకు ఆటగా బాగుంటుందేమో కానీ మాట దానితో రాదు, మాటలు పలికించాలి.

"మావాడు బాగానే మాట్లాడుతున్నాడు సార్, అమ్మ, నాన్న, మామ అన్నీ అంటాడు" అంటారు ఇళ్లలో. జాగ్రత్త. మ, న అక్షరాలు ఎవరైనా ముక్కుతోనే పలుకుతారు. అందుకే అంగిలి చీలిన బిడ్డ కూడా వాటిని చక్కగా అంటుంది. అసలు పరీక్ష ప, బ, ట, క, స అక్షరాలకు.

*ఇలా చూడండి:* చేతి అద్దాన్ని బిడ్డ ముక్కు కింద, పై పెదవికి ఆనించి పట్టుకోండి. "మామ" అనమనండి, అద్దం మీద ఆవిరి పడుతుంది, అది మామూలే. తుడిచి "పాప", "బాబు", "కాకి" ఒక్కొక్కటే అనిపించండి. ఇప్పుడు ఆవిరి పట్టకూడదు. ప్రతిసారీ పడుతుంటే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. జలుబు లేని రోజు చూడండి. అంగిలి ఆపరేషన్ అయి, థెరపీ చేయించినా అలాగే ఉంటే మళ్లీ సర్జన్‌కు చూపించాలి, రెండో చిన్న ఆపరేషన్ కావాలేమో. మానిపోయాక కూడా పెరుగు, పాలు ముక్కులోంచి వస్తుంటే అంగిలిలో రంధ్రం మిగిలిందేమో టార్చి వేసి చూడండి.

అంగిలి చీలిన పిల్లల్లో చాలామందికి చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరుతుంది, వినికిడి తగ్గుతుంది. వినపడనిది పలకలేరు. చెవి కారడం లేదు కదా అని ఊరుకోకుండా ఏడాదికి ఒకసారైనా వినికిడి పరీక్ష చేయించండి. ఏడేళ్లకు పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. డెంటల్ కాలేజీల్లో తక్కువ ఖర్చుతో చూస్తారు.

తల్లి మళ్లీ గర్భం దాల్చాలనుకుంటే ముందే పీహెచ్‌సీలో ఫోలిక్ యాసిడ్ గురించి అడగమనండి. ఒక బిడ్డకు మొర్రి ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు నుంచి అయిదు, అంటే రాకపోవడానికే ఎక్కువ అవకాశం. కొన్ని మూర్ఛ మాత్రల వల్ల కూడా మొర్రి రావొచ్చు. ఆమె అవి వాడుతుంటే సొంతంగా ఆపకూడదు, డాక్టర్ మార్చాలి.

డబ్బు పంపాలనుకునేవాళ్లకు

"ఒక రోజు శిబిరం పెట్టిస్తే ఎంతవుతుంది?" అని అడిగే ఎన్నారై మిత్రులకు నా జవాబు ఇది. ఆపరేషన్ ఖర్చు పథకాలో, సంస్థలో భరిస్తాయి. ఎవరూ భరించనివి వేరే ఉన్నాయి: దారి ఖర్చు, వారం కూలి, వీడియో కాల్‌కు డేటా, స్పీచ్ థెరపిస్ట్ జీతం, ఇంటింటికీ తిరిగే మనిషికి బండి పెట్రోలు. వాటికి పంపండి. అస్సాం చూడండి. అక్కడ మొదట పెద్ద పెద్ద శిబిరాలే జరిగాయి. 2011లో గువాహటిలో ప్రభుత్వ ఆస్పత్రిలోనే మొర్రి పిల్లల కోసం శాశ్వత కేంద్రం తెరిచారు. శిబిరం వెళ్లిపోయాక కూడా బిడ్డ వెనక్కి రాగలిగే చోటు ఉండాలి కదా.

ఇంకొక మనవి: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఫోటోలు పక్కపక్కన పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. వైద్యం కోసం తీసిన ఫోటోలు డాక్టర్ దగ్గరే ఉండాలి. ఆ పిల్ల రేపు కాలేజీకి వెళ్తుంది.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

నోట్‌బుక్‌లో ఒక్కో బిడ్డకు ఒక పేజీ. పైన పేరు, ఊరు, మూడు నంబర్లు. కింద గళ్లు: వారం వారం బరువు, పెదవి తేదీ, అంగిలి తేదీ, వినికిడి పరీక్ష, థెరపీ మొదలైన రోజు, అద్దం పరీక్ష, బడిలో చేరిన తేదీ. మూడు నెలలకోసారి అన్ని పేజీలూ తిరగేయండి. పెదవి గడి నిండి, 18 నెలలు దాటినా అంగిలి గడి ఖాళీగా ఉన్న పేజీకి మూల మడవండి. మర్నాడు పొద్దున్నే వెళ్లాల్సింది ఆ ఇంటికే.